1కీ 2కీ మధ్యలో ఏముంది? ఫోన్‌లో గ్రాఫింగ్ కాలిక్యులేటర్, తరగతిలో లెక్కలు

ఈ రోజు ఎపిసోడ్ ముఖ్యంగా పదో తరగతి, ఇంటర్ చదివేవాళ్ల కోసం. ఇంట్లో తమ్ముడో చెల్లెలో చదువుతుంటే వాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక తెల్ల కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మధ్యమధ్యలో పని చెప్తాను.

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర పల్లె. పని చేసేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు, ఒక హైస్కూల్లో. లెక్కల మాస్టార్ని. ఈ రోజు మాట్లాడబోయేది గ్రాఫింగ్ కాలిక్యులేటర్ గురించి. దానికి ముందు, నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం సంగతి. పదో తరగతిలో బహుపదుల పాఠం నడుస్తోంది. బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ 3 ఎక్స్ మైనస్ 4 అని రాశాను. ఇది మీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్నదే. పట్టిక వేశాం. ఎక్స్ మైనస్ 2 అయితే వై 6. మైనస్ 1 అయితే 0. 0 అయితే మైనస్ 4. 1 అయితే మైనస్ 6. 2 అయితే మళ్లీ మైనస్ 6. 3 అయితే మైనస్ 4. 4 అయితే 0. 5 అయితే 6. మొత్తం ఎనిమిది చుక్కలు. "చుక్కలు కలపండి, గిన్నెలాగ వస్తుంది, అదే పరావలయం" అన్నాను. అందరూ వంగి గీసుకుంటున్నారు.

మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేస్టారూ, 1 దగ్గిరా మైనస్ ఆరే, 2 దగ్గిరా మైనస్ ఆరే. మధ్యలో ఏటుంటాదండి? అడుగున సాపుగా ఉంటాదా, ఇంకా కిందకి దిగుతాదా?"

నేనేమన్నానో తెలుసా? "పరీక్షలో అది అడగరమ్మా. కూర్చో. చుక్కలు కలిపితే మార్కులు పడిపోతాయి."

ఆ అమ్మాయి కూర్చుంది. నోట్సులో 1కీ 2కీ మధ్య స్కేలు పెట్టి అడ్డంగా గీత గీసేసింది. నేను దాని మీద టిక్కు కూడా పెట్టాను. పది పాసైంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమని నేనే చెప్పాను. "నాకు లెక్కలు అర్థం కావండి మేస్టారూ" అని వేరే గ్రూపు తీసుకుంది. ఆ ఏడాది నా తరగతిలో అసలైన లెక్కల ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఆ ప్రశ్నని నోరు మూయించింది నేను.

సరే, ఆ ప్రశ్నకి జవాబేంటి? కాగితం తీసుకోండి. ఎక్స్ బదులు 1.5 పెట్టండి. 1.5 స్క్వేర్ 2.25. మూడు ఒకటిన్నరలు 4.5. 2.25 లోంచి 4.5 తీసేసి, ఇంకో 4 తీసేస్తే మైనస్ 6.25. అంటే సాపుగా లేదు, ఇంకా కిందకి దిగింది. ఒక్క నిమిషం పని. మరి ఆ రోజు నేనెందుకు చెయ్యలేదు?

నిజం చెప్తాను. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుందని భయం. "ఒకటిన్నర దగ్గరే అడుగు అని ఎలా తెలుసు? 1.4 దగ్గర ఇంకా కింద ఉంటే?" 1.4 దగ్గర మైనస్ 6.24. 1.6 దగ్గర కూడా మైనస్ 6.24. ఇలా ఒక్కొక్కటీ బోర్డు మీద చేసుకుంటూ పోతే పీరియడ్ అయిపోతుంది. నలభై ఐదు నిమిషాల్లో యాభై మంది పిల్లలకి చేతితో ఎన్ని చుక్కలు పెట్టించగలం? ఎనిమిది. చుక్కకీ చుక్కకీ మధ్యలో ఏముందో చూపించడానికి మన దగ్గర పనిముట్టు లేదు. ఆ ఖాళీని పూరించడానికి పుట్టిందే గ్రాఫింగ్ కాలిక్యులేటర్.

దీని కథ చిన్నగా చెప్పుకుందాం. 1985లో జపాన్ కంపెనీ క్యాసియో ఎఫ్ఎక్స్-7000జి అని ఒకటి తెచ్చింది. జేబులో పట్టే కాలిక్యులేటర్‌లో గ్రాఫ్ గీసే తెర రావడం అదే మొదలు. 1990లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-81 తెచ్చింది. అక్కడి నుంచి అమెరికా హైస్కూళ్లలో అది పుస్తకాల సంచీలో ఒక భాగమైపోయింది. మన వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్ల పిల్లల్ని అడగండి, టీఐ-84 అంటే టక్కున చెప్తారు. దాని ధర వంద డాలర్ల పైమాటే. అక్కడ ఏపీ కాలిక్యులస్ అని ఒక పరీక్ష ఉంది. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఆ పరీక్షలో ఒక భాగానికి 1995 నుంచి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉండి తీరాలి.

మనకి ఆ పరికరం రాలేదు. వంద డాలర్లు పెట్టి ఎవరు కొంటారు? కొన్నా మన పరీక్ష హాల్లోకి రానివ్వరు. కానీ ఈలోగా ఇంకో దారి తెరుచుకుంది. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ జియోజీబ్రా మొదలుపెట్టారు. జామెట్రీకి జియో, ఆల్జీబ్రాకి జీబ్రా. 2011లో ఎలీ లూబరాఫ్ అనే అమెరికా కుర్రాడు డెస్మోస్ మొదలుపెట్టాడు. రెండూ ఫోన్‌లో ఉచితం. పక్కనే కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు జియోజీబ్రాని ఐటీ పాఠంలో నేర్చుకుంటున్నారు. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదకి మారింది. అందులో డెస్మోస్ పరీక్ష తెరలోనే ఉంటుంది. అంటే ఒకప్పుడు వంద డాలర్లు పెట్టి కొన్న పని, ఇప్పుడు మీ అమ్మ ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా అవుతుంది.

మన రాష్ట్రంలో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ తర్వాత చాలా హైస్కూళ్లలో గోడకి పెద్ద టచ్ ప్యానెల్స్ వచ్చాయి. మా బడిలోనూ ఉంది. వచ్చిన కొత్తలో అందులో పాఠాల వీడియోలు వేసి పక్కన నిలబడేవాణ్ని. వీడియో అయిపోతే పిల్లలు నోట్సు రాసుకునేవారు. అంతే. ఒక రోజు దాంట్లోనే గ్రాఫ్ గీసే యాప్ తెరిచి, ఆ పాత ఎక్స్ స్క్వేర్ మైనస్ 3 ఎక్స్ మైనస్ 4 కొట్టాను. రెండు వేళ్లతో 1కీ 2కీ మధ్య పెద్దది చేశాను. గిన్నె అడుగు మెల్లగా గుండ్రంగా తెరుచుకుంది. మైనస్ 6.25 దగ్గర ఆగింది. తరగతి అంతా "ఓ" అంది. నాకు మాత్రం ఆ మూడో బెంచీ గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఎలా వాడాలి? బడికి పిల్లలు ఫోన్లు తేకూడదు, ఆ రూలు మంచిదే. తరగతిలో ప్యానెల్ ఉంటే చాలు, లేదా మాస్టారి ల్యాప్‌టాప్. ఇంటి దగ్గర సంగతి వేరు. మా ఊళ్లవైపు చాలా ఇళ్లలో నాన్న చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మ దగ్గర ఉంటుంది. రాత్రి నాన్న ఫోన్ చేసి మాట్లాడాక ఒక అరగంట మీ చేతికి వస్తుంది. ఆ అరగంట చాలు. ఒకసారి యాప్ దింపుకుంటే గ్రాఫులు గీయడానికి నెట్ కూడా అక్కర్లేదు. రీఛార్జ్ అయిపోయినా పని చేస్తుంది.

మా తరగతిలో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మూడు మాటలు: చెయ్యి, ఫోను, నోరు. ముందు కాగితం మీద మీ చేత్తో గీతని ఊహించి గియ్యాలి. తప్పైనా పర్లేదు. తర్వాత ఫోన్‌లో చూడాలి. ఆ తర్వాత నోటితో చెప్పాలి, ఎందుకలా వచ్చిందో. పక్కన ఎవరూ లేకపోతే అమ్మకి చెప్పండి, గోడకి చెప్పండి. చెయ్యి వదిలేసి తిన్నగా ఫోన్‌కి వెళ్తే అది సినిమా చూసినట్టే. బాగుంటుంది, మర్నాటికి మర్చిపోతాం. నోరు వదిలేస్తే బొమ్మ మిగులుతుంది, లెక్క మిగలదు.

మొదటి ప్రయోగం. ఇది పరీక్షకి సూటిగా పనికొస్తుంది. మీరు పట్టిక వేశాక ఆ చుక్కల్ని కూడా యాప్‌లో కొట్టండి. బ్రాకెట్‌లో మైనస్ 2 కామా 6, ఇలాగ. గీత కూడా గీయించండి. మీ చుక్క గీత మీద కూర్చుందా, పక్కకి పడిందా? పక్కకి పడితే ఆ ఒక్క లెక్కలో తప్పు చేశారన్నమాట. నేను దిద్దిన పేపర్లలో తరచూ కనిపించే తప్పు ఒకటే. మైనస్ 2 స్క్వేర్ అనగానే మైనస్ 4 వేసేస్తారు. మైనస్ 4 ప్లస్ 6 మైనస్ 4, మైనస్ 2 వచ్చిందంటారు. అసలు మైనస్ 2ని మైనస్ 2తో గుణిస్తే ప్లస్ 4. అప్పుడు 4 ప్లస్ 6 మైనస్ 4, ఆరు. తమాషా ఏంటంటే, బ్రాకెట్ పెట్టకుండా మైనస్ 2 స్క్వేర్ అని కొడితే డెస్మోస్ కూడా మైనస్ 4 అనే చెప్తుంది. ముందు 2ని స్క్వేర్ చేసి తర్వాత మైనస్ పెడుతుంది. అది దాని నియమం. బ్రాకెట్ పెట్టాల్సింది మనం. ఈ ఒక్క బ్రాకెట్ అలవాటైతే పబ్లిక్ పరీక్షలో గ్రాఫ్ లెక్క సగం గట్టెక్కినట్టే.

రెండో ప్రయోగం. యాప్‌లో వై ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ఎక్స్ ప్లస్ సి అని కొట్టండి. నంబర్ బదులు సి అనే అక్షరమే కొట్టండి. స్లైడర్ కావాలా అని అడుగుతుంది, లేదా తనే పెట్టేస్తుంది. స్లైడర్ అంటే పాటకి సౌండ్ పెంచే గీతలాంటిది. వేలితో అటూ ఇటూ జరపొచ్చు. ఆగండి, జరపకముందే కాగితం మీద రాయండి. సి పెరిగితే గిన్నె ఎటు పోతుంది? పక్కకా, పైకా?

రాశారా? ఇప్పుడు జరపండి. సి 3 దగ్గర ఉంచితే గిన్నె ఎక్స్ అక్షాన్ని 1 దగ్గర, 3 దగ్గర కోస్తుంది. రెండు మూలాలు. సి పెంచుతూ పోండి, గిన్నె పైకి లేస్తుంది. ఆ రెండు చుక్కలూ దగ్గరకి జరుగుతాయి. సరిగ్గా 4 దగ్గర రెండూ ఒక్కటైపోతాయి. 2 దగ్గర గిన్నె అడుగు అక్షాన్ని ముట్టుకుని ఆగుతుంది. 5కి వెళ్తే గిన్నె గాల్లో ఉంటుంది, అక్షాన్ని తాకదు.

ఇప్పుడు పుస్తకం తెరిచి విచక్షణి సూత్రం చూడండి. బి స్క్వేర్ మైనస్ 4 ఏ సి. ఇక్కడ అది 16 మైనస్ 4 సి. సి 3 అయితే 4, అంటే సున్నా కన్నా ఎక్కువ, రెండు మూలాలు. సి 4 అయితే 0, సమాన మూలాలు. సి 5 అయితే మైనస్ 4, వాస్తవ మూలాలు లేవు. ఇన్నాళ్లూ "సున్నా కన్నా ఎక్కువైతే వాస్తవాలు, విభిన్నాలు" అని పద్యంలాగ అప్పజెప్పాం కదా. ఆ మూడు వాక్యాలూ ఒకే గిన్నె పైకి లేవడమే. మా తరగతిలో వెనక బెంచీ కుర్రాడొకడు దీనికి తన మాట తనే చెప్పుకున్నాడు. "పడవ మునిగుంటే నీళ్లు రెండు పక్కలా తగుల్తాయి, తేలిపోతే తగలవండి." వాళ్ల నాన్న వేటకెళ్లే మనిషి. సూత్రం వాడి నోట్లోకి వాడి మాటగా దిగింది. అదీ నోరు అంటే.

మూడో ప్రయోగం మన జీడితోటల లెక్క. ఉద్దానం, పలాస వైపు ఉన్నవాళ్లకి తెలుసు, జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక వ్యాపారి ఇంటికే వచ్చి కిలో 130 రూపాయలకి కొంటానన్నాడు. పలాస తీసుకెళ్తే కిలో 140 ఇస్తారు, కానీ బండి కిరాయి 800 మనమే పెట్టుకోవాలి. ఎన్ని కిలోలుంటే ఏది లాభం? ఇంటి దగ్గర అమ్మితే వై ఈజ్ ఈక్వల్ టు 130 ఎక్స్. పలాసలో అమ్మితే వై ఈజ్ ఈక్వల్ టు 140 ఎక్స్ మైనస్ 800. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత. మీ పుస్తకంలో మూడో అధ్యాయం.

ఇవి రెండూ తరగతిలో కొట్టించాను. తెర మీద రెండు గీతలు నిట్టనిలువుగా, పక్కపక్కనే నిలబడ్డాయి. "సమాంతర రేఖలు మేస్టారూ, కలవవు" అన్నారు కొందరు. "యాప్ పాడైపోనాదండి" అన్నాడు ఇంకొకడు. యాప్ బాగానే ఉంది. మొదట తెరిచినప్పుడు అది చూపించేది సుమారు మైనస్ 10 నుంచి 10 వరకే. మన లెక్క వేలల్లో ఉంది. ఏనుగుని తాళం కన్నంలోంచి చూస్తే ఏం కనిపిస్తుంది? అందుకే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్స్‌ని 0 నుంచి 160 వరకు, వైని 0 నుంచి 22,000 వరకు పెట్టాం. కిలోలు మైనస్‌లో ఉండవు కాబట్టి సున్నా నుంచి మొదలు. గ్రాఫ్ కాగితం మీద మూలన "స్కేలు" అని రాస్తాం చూడండి, అదే ఇది. కాగితం మీద మాస్టారు చెప్పిన స్కేలు గుడ్డిగా వేస్తాం. ఇక్కడ స్కేలు మనం ఎంచుకోకపోతే లెక్కే కనపడదు. దాని విలువ అప్పుడు తెలుస్తుంది.

స్కేలు సరిచేశాక రెండు గీతలూ దాదాపు అంటుకున్నట్టు కనిపించాయి. గీత మీద వేలు పెడితే ఖండన బిందువు చూపిస్తుంది: 80 కామా 10,400. ఇంకా స్పష్టంగా కావాలంటే తేడా ఒక్కటే గీయండి, 10 ఎక్స్ మైనస్ 800. అది 80 దగ్గర అక్షాన్ని దాటుతుంది. అంటే సరిగ్గా ఒక బస్తా. ఒక బస్తా కన్నా తక్కువుంటే ఇంటి దగ్గరే అమ్మడం మేలు, ఎక్కువుంటే పలాస మేలు. మూడు బస్తాలుంటే 240 కిలోలు, పలాసలో 32,800, ఇంటి దగ్గర 31,200. పదహారు వందలు తేడా. ఆ మర్నాడు ఒక పిల్ల వచ్చి, "మా అమ్మకి సూపించాను మేస్టారూ, మరి మా ఊరి నుంచి బండి కిరాయి 1,200 అడుగుతున్నాడు, అప్పుడో?" అంది. 1,200ని 10తో భాగిస్తే 120 కిలోలు, బస్తాన్నర. ఆ పిల్ల అది తనే చెప్పేసింది, ఫోను కూడా తియ్యకుండా.

ఇంతవరకూ మంచి చెప్పాను. ఇప్పుడు జాగ్రత్తలు. తెర ఒక్కోసారి మనల్ని మోసం చేస్తుంది. ఇందాకటి గిన్నెలో సి బదులు 4.01 పెట్టండి. చూస్తే అక్షాన్ని ముట్టుకున్నట్టే ఉంటుంది. సమాన మూలాలు అని రాసేస్తారు. విచక్షణి కట్టండి: 16 మైనస్ 16.04, మైనస్ 0.04. మూలాలే లేవు. వెంట్రుక వాసిలో గాల్లో ఉంది. అలాగే వై ఈజ్ ఈక్వల్ టు 2 ఎక్స్ ప్లస్ 1, వై ఈజ్ ఈక్వల్ టు 2.01 ఎక్స్ గీయండి. చూడ్డానికి సమాంతరం. కానీ వాలు కొంచెం తేడా ఉంది కాబట్టి ఎక్కడో కలవాలి. సమీకరణం సాధిస్తే ఎక్స్ 100 దగ్గర, వై 201 దగ్గర కలుస్తాయి. మీ తెరకి చాలా దూరంలో. కాబట్టి బొమ్మ సాక్ష్యం చెప్తుంది, తీర్పు మాత్రం సూత్రమే ఇవ్వాలి.

ఇంకొకటి, త్రికోణమితి చదివేవాళ్లకి. సైన్ 30 అర అని మనకి తెలుసు. డెస్మోస్‌లో సైన్ 30 కొడితే మైనస్ 0.988 అని వస్తుంది. భయపడకండి. అది 30ని డిగ్రీలు అనుకోలేదు, రేడియన్లు అనుకుంది. సెట్టింగ్స్‌లో డిగ్రీలకి మార్చుకోవాలి. అయితే ఇక్కడ ఒక పాఠం ఉంది. సైన్ 30 అర అని మీకు ముందే తెలుసు కాబట్టి తప్పు పట్టుకోగలిగారు. ఏమీ తెలియకుండా యంత్రాన్ని అడిగితే, అది ఏం చెప్తే అదే నిజం అనుకుంటాం.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న. "సార్, పదో తరగతి పబ్లిక్‌లో కాలిక్యులేటర్ లేదు, ఇంటర్‌లో లేదు, ఈఏపీసెట్‌లో లేదు, జేఈఈలో లేదు. మరి ఇది నేర్చుకుని ఏం లాభం?" న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, అందులో లెక్కలు 80. ప్రశ్నకి నిమిషం పైన కొద్దిగా. వర్గ సమీకరణం చూడగానే గిన్నె పైకి తెరుచుకుందా, కిందకి తెరుచుకుందా, అక్షాన్ని ఎన్నిసార్లు కోస్తుంది అనేది కళ్ల ముందు మెదిలితే నాలుగు ఆప్షన్లలో రెండు అప్పుడే ఎగిరిపోతాయి. ఆ బొమ్మ బుర్రలో ఉండాలంటే, అంతకుముందు కొన్ని వందల గిన్నెలు చూసి ఉండాలి. ఎనిమిది చుక్కలు పెట్టి చేత్తో గీస్తే ఏడాదికి ఎన్ని చూస్తాం? పదో, ఇరవయ్యో. స్లైడర్ మీద అరగంటలో వంద చూడొచ్చు. పరీక్ష హాల్లోకి ఫోను రాదు, మీరు చూసిన వంద గిన్నెలూ మీతోనే వస్తాయి.

అలాగని చేత్తో గీయడం మానెయ్యమని కాదు. పబ్లిక్‌లో గీయాల్సింది చేత్తోనే. వారంలో రెండు గ్రాఫులు కాగితం మీద, పెన్సిల్‌తో, స్కేలు రాసి, చుక్కలు పెట్టి గియ్యండి. ఫోను దాన్ని దిద్దే మాస్టారు అనుకోండి.

ఇంకో మాట. ఫోటో తీస్తే జవాబు మొత్తం రాసిచ్చే యాప్‌లు ఉన్నాయి. మీకు నాకన్నా బాగా తెలుసు. గ్రాఫ్ యాప్ వేరు, అది వేరు. ఫోటో యాప్ మీ బదులు నడుస్తుంది. గ్రాఫ్ యాప్‌లో సమీకరణం మీరు రాయాలి, స్కేలు మీరు పెట్టాలి, చూసి చెప్పాల్సింది మీరే. రెండూ ఫోన్‌లో పక్కపక్కనే ఉంటాయి. పొద్దుపోయాక, నిద్రొస్తుంటే, ఏది నొక్కుతారో మీ ఇష్టం. నేను వచ్చి చూడను.

మా తోటి టీచర్లకి కూడా ఒక మాట. ప్యానెల్ మీద గ్రాఫ్ వేసి మీరే జరిపి మీరే చెప్పేయకండి. నేను మొదట్లో అదే చేశాను. పిల్లల చేత ముందు ఊహ రాయించండి. "ఎంతమంది పైకి అన్నారు, ఎంతమంది పక్కకి అన్నారు" అని చేతులెత్తించండి. అప్పుడు జరపండి. తప్పు చెప్పినవాడు సిగ్గుపడడు, ఎందుకంటే సగం తరగతి వాడితోపాటే తప్పు చెప్పింది.

చివరగా, ఆ అమ్మాయి సంగతి. పోయిన సంక్రాంతికి బస్సు కోసం నిలబడితే కనిపించింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, బాగుంది. నేను ఊరుకోలేక ఫోన్ తీసి ఆ గిన్నె గీసి, పెద్దది చేసి చూపించాను. "మైనస్ 6.25 అమ్మా. ఆ రోజు నువ్వన్నట్టే కిందకి దిగుతుంది" అన్నాను. తనకి ఆ రోజు గుర్తుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత నవ్వి, "ఇప్పుడు సెప్తే ఏటి లాభం మేస్టారూ" అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఆ మాట నాకు చెందింది. మీకు ఇంకా టైముంది. మీ తరగతిలో ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగితే నవ్వకండి. మాస్టారు కూర్చోమంటే కూర్చోండి, కానీ ఇంటికెళ్లి చూసుకోండి. చూసుకోవడానికి పనిముట్టు ఇప్పుడు ఇంట్లోనే ఉంది.

ఇంటి పని ఒకటి ఇస్తాను. వై ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ 2 అని కొట్టి బికి స్లైడర్ పెట్టండి. సి జరిపితే గిన్నె పైకీ కిందకీ పోయింది కదా. మరి బి జరిపితే ఎటు పోతుంది? ముందు కాగితం మీద రాయండి. జరిపాక, గిన్నె అడుగు నడిచే దారిని చుక్కలు పెట్టుకుంటూ గమనించండి. అది తిన్నటి గీతా, వంకర గీతా? ఆ దారికి సమీకరణం రాయగలరా? జవాబు నేను చెప్పను. చెయ్యి, ఫోను, నోరు, అదే వరసలో. వచ్చే ఎపిసోడ్‌లో అక్కడి నుంచే మొదలుపెడదాం. ఉంటాను మరి.